బోటు ఇంజన్‌కి స్పార్క్ రాకపోతే సీడీఐ కొనీ ముందు ఇవన్నీ చూసుకోండి

ఇచ్ఛాపురం దాటి గంజాం జిల్లాలోకి వచ్చిన దగ్గర్నుంచి సోనాపూర్, గోపాలపూర్, ఆర్యపల్లి, అటు రుషికుల్య మొగ దాకా మన తెలుగోళ్ళ ఫైబర్ బోట్లకి ఉండేవి ఎక్కువగా చిన్న అవుట్‌బోర్డ్ ఇంజన్లే, 8 గానీ 9.9 గానీ 15 గానీ హార్స్‌పవర్, టూస్ట్రోక్, తాడు లాగి స్టార్ట్ చేసే రకం. వీటికి ఇగ్నిషన్ కంప్లైంట్ వచ్చిందంటే మనోళ్ళ వైద్యం ఒకటే, ప్లగ్ మారుస్తారు, అప్పటికీ పట్టుకోకపోతే "సీడీఐ ఖరాప్" అని తీర్పు చెప్పీసి బరంపురం బస్సెక్కీస్తారు. సీడీఐ అంటే ప్లగ్‌కి పోయే కరెంటుని నింపి వదిలే ఎలక్ట్రానిక్ డబ్బా. వేలు పోసి కొత్త సీడీఐ తెచ్చి బిగించాక కూడా ఇంజన్ ఉలకదు పలకదు, షాపోడేమో ఎలక్ట్రికల్ సామాను ఒకసారి బిగిస్తే వాపసు తీసుకోడు. నేను చెప్పేది ఒక్కటే, సీడీఐని చివర్లో అనుమానించండి, ఎందుకంటే దాన్ని మన దగ్గరుండే మీటరుతో నేరుగా టెస్ట్ చెయ్యలేం, మిగతావన్నీ బాగున్నాయని తేలితేనే తప్పు దానిదని చెప్పగలం. మన ఒడ్డున ముందు అనుమానించాల్సింది ఉప్పుని, ఎర్త్‌ని (ఇంజన్ బాడీకి బిగించే వైరు), కిల్ స్విచ్‌ని (ఇంజన్ ఆపే స్విచ్), వీటిలో ఏదీ పెద్ద ఖర్చు కాదు.

ముందు స్పార్క్ ఎలా పుడుతుందో నాలుగు ముక్కల్లో. ఈ ఇంజన్లలో ఇగ్నిషన్‌కి బ్యాటరీతో పని లేదు. ఫ్లైవీల్ లోపల మాగ్నెట్లు ఉంటాయి, తాడు లాగితే అవి చార్జ్ కాయిల్ మీదుగా తిరిగి రెండు మూడొందల వోల్టుల కరెంటు పుట్టిస్తాయి, అది సీడీఐ లోపల కెపాసిటర్‌లో నిండుతాది, పల్సర్ కాయిల్ అని ఇంకో చిన్న కాయిల్ "ఇప్పుడు వదులు" అని సిగ్నల్ ఇస్తాది, అప్పుడా కరెంటంతా ఒక్క దెబ్బలో ఇగ్నిషన్ కాయిల్లోకి పోయి వేల వోల్టులై హెచ్‌టీ వైరు (కాయిల్ నుంచి ప్లగ్‌కి పోయే లావు వైరు), దాని చివర ప్లగ్ మీద కూర్చునే క్యాప్ దాటి ప్లగ్ కొమ్ముల మధ్య దూకుతాది. ఇంకో వైరు ఈ దారిలోంచి చీలి స్టాప్ స్విచ్‌కి, అంటే కిల్ స్విచ్‌కే, పోతాది, స్విచ్ నొక్కితే ఆ కరెంటు ఎర్త్ అయిపోయి ఇంజన్ ఆగుతాది. ఈ చివరి ముక్క బాగా గుర్తుంచుకోండి, సగం కథ అక్కడే ఉంది.

అసలు ఇది స్పార్క్ కంప్లైంటా, పెట్రోల్ కంప్లైంటా అన్నది ముందు తేల్చుకోవాలి. చోక్ పెట్టి బాగా లాగాక ప్లగ్ విప్పి చూడండి. ప్లగ్ పొడిగా ఉందంటే పెట్రోలే రావట్లేదు, ఇగ్నిషన్ జోలికి పోవద్దు, ట్యాంకు గాలి మూత తెరిచారా లేదా, పంపు బల్బు (పెట్రోల్ పైపు మీద చేత్తో నొక్కే రబ్బరు గుండు) గట్టిపడిందా, ఫిల్టర్లో నీళ్ళున్నాయా చూసుకోండి. ప్లగ్ తడిసి పెట్రోల్ కారుతుంటే పెట్రోల్ వస్తుంది, మండట్లేదు, అప్పుడు స్పార్క్ వైపు రండి. కిరసనాయిల్ మీద నడిపే ఇంజన్ అయితే ఇంకో తిరకాసు ఉంది, ఒడ్డుకి వచ్చే ముందు పెట్రోల్‌కి మార్చి కాసేపు తిప్పి ఆపాలి, కిరసనాయిల్ మీదే ఆపీస్తే తెల్లారి ప్లగ్ దాంట్లోనే నానుతుంటాది, చల్లటి కిరసనాయిల్‌కి ఎంత మంచి స్పార్క్ ఇచ్చినా అంటుకోదు. స్పార్క్ మంచిదే, ఆపిన పద్ధతే తప్పు.

టెస్ట్ మొదలెట్టే ముందు రెండు మాటలు. పై కవర్ తీసి తాడు లాగేటప్పుడు భుజం మీద తువాలు తీసీయండి, లుంగీ పైకి దోపుకోండి, ఫ్లైవీల్ బయటే తిరుగుతుంటాది, గుడ్డ దొరికిందంటే మనిషిని లాగేస్తాది. గేరు న్యూట్రల్‌లో ఉండాలి. సీడీఐ దెబ్బ ఇంట్లో కరెంటు షాక్ లాంటిది కాదులే అనుకోవద్దు, గట్టిగానే కొడతాది, గుండె జబ్బున్నోళ్ళు అసలు ముట్టుకోవద్దు. ప్లగ్ విప్పిన కంతలోంచి పెట్రోల్ ఆవిరి వస్తుంటాది కాబట్టి స్పార్క్ చూసే చోటు ఆ కంతకి దూరంగా ఉండాలి, కంత మీద తడి గుడ్డ కప్పండి, పెట్రోల్ క్యాను పక్కన పెట్టుకుని ఈ పని చెయ్యొద్దు, బీడీ సంగతి వేరే చెప్పక్కర్లేదు కదా.

ఇప్పుడు స్పార్క్ టెస్ట్. అందరూ చేసేది ఏటంటే ప్లగ్ విప్పి, క్యాప్‌లో పెట్టి, చేత్తో పట్టుకుని ఇంజన్‌కి ఆనించి, ఒకడు తాడు లాగితే ఇంకొకడు చూసి "వస్తుంది వస్తుంది" అంటాడు. ఇలా చూస్తే మోసపోతాం. బయట గాలిలో 0.6 మి.మీ. సందు దూకడం చాలా తేలిక, సిలిండర్ లోపల కంప్రెషన్‌లో అదే సందు దూకడానికి చాలా ఎక్కువ వోల్టేజీ కావాలి, అందుకే బయట స్పార్క్ కనపడి లోపల ఆరిపోయే ఇంజన్లు ఉంటాయి. సందు అడ్జస్ట్ చేసుకునే స్పార్క్ టెస్టర్ దొరికితే అది కొనుక్కోండి, 6 మి.మీ. పైన సందుని చిటపటమని నీలంగా దూకితే ఇగ్నిషన్ మీద బెంగ లేదు. కొనడం కుదరకపోతే పాత ప్లగ్ ఒకటి తీసుకుని పక్క కొమ్ము పూర్తిగా విరగ్గొట్టీయండి, బాడీకి గట్టి క్లిప్ ఒకటి కట్టి ఇంజన్ మీద పెయింట్ లేని లోహపు చోట పట్టించండి, నడి కొమ్ము నుంచి బాడీ అంచుకి స్పార్క్ దూకాలి, అది దూకిందంటే బలమైన స్పార్కే. నీలంగా, చప్పుడుతో ఉంటే మంచిది, పసుపు ఎరుపు కలిసి సన్నగా ఉంటే నీరసం. పెయింట్ మీద ఆనిస్తే బాగున్న ఇంజన్‌కి కూడా స్పార్క్ రాదు, కొత్త కుర్రాళ్ళు పట్టుకునేది అక్కడే. రెండు సిలిండర్ల ఇంజన్ అయితే రెండు ప్లగ్‌లూ విప్పి రెండు క్యాప్‌లూ ఎర్త్ చేసే లాగాలి, ఒక హెచ్‌టీ వైరుని గాలిలో వేలాడదీసి లాగితే ఆ వోల్టేజీకి పోవడానికి దారి లేక కాయిల్ లోపలే దూకి బాగున్నదాన్ని కూడా కాల్చీస్తాది. ఇంకోటి, తాడు మెల్లగా లాగితే స్పార్క్ రాదు, స్పీడ్ ఉండాలి, ప్లగ్‌లు విప్పి ఉంటే కంప్రెషన్ లేక ఇంజన్ తేలిగ్గా గిర్రున తిరుగుతాది, అప్పుడు కూడా రాకపోతేనే రాలేదని రాసుకోండి.

స్పార్క్ అసలే లేదా, అయితే కిల్ స్విచ్ దగ్గరికి రండి. సరంగు చేతికి కట్టుకునే ఎర్ర తాడు ఉంటాది కదా, దాని చివర క్లిప్, ఆ క్లిప్ స్విచ్ కింద సరిగ్గా కూర్చోకపోతే ఇంజన్ ఎర్త్ అయ్యే ఉంటాది, చచ్చినా స్పార్క్ రాదు.

"మావా, కాయిల్ పోయినట్టేనా?"

"ఆగరా బాబూ, ముందా క్లిప్ తీసి మళ్ళీ పెట్టు."

ఒడ్డున ఈ మాటలు ఎన్నిసార్లు వినపడతాయో. క్లిప్ పోయిందని నైలాన్ తాడు చుట్టి నడిపేవాళ్ళున్నారు, తాడు తడిసి సాగిందంటే స్విచ్ సగం లోపలికి దిగుతాది, ఒక అలకి ఆగుతాది ఇంకో అలకి పట్టుకుంటాది, దానికి అందరూ కార్బురేటర్ విప్పుతుంటారు. క్లిప్ బాగానే ఉందనుకుంటే తర్వాత చెయ్యాల్సింది సీడీఐ దగ్గర స్టాప్ వైరు బుల్లెట్ కనెక్టర్ (వైర్లు కలిపే, లాగితే ఊడే జాయింటు) ఊడదీసి మళ్ళీ స్పార్క్ చూడ్డం. వైరు రంగు కంపెనీకో రకం, మోడల్‌కో రకం, అందుకే రంగు నమ్మొద్దు, స్విచ్ నుంచి వచ్చే రెండు వైర్లు వెంట వేలు పెట్టుకుంటూ రండి, ఒకటి ఎర్త్ బోల్టుకి పోతాది, రెండోది సీడీఐ వైపు వస్తాది, అదే మీకు కావాల్సింది. అది ఊడదీయగానే స్పార్క్ వచ్చిందంటే సీడీఐ బాగుంది, కాయిల్స్ బాగున్నాయి, స్విచ్‌లో ఉప్పు నీళ్ళు దిగాయి లేదా ఆ వైరు ఎక్కడో ఒరుసుకుని బాడీకి తగులుతుంది. వేలు ఖర్చవ్వాల్సింది ఒక స్విచ్‌తో పోతాది. కానీ ఆ వైరు ఊడదీసి ఇంజన్ స్టార్ట్ చేస్తే బటన్‌తో ఆగదు, చోక్ పూర్తిగా లాగి ఆపాలి, లేదా పెట్రోల్ పైపు ఊడదీసి కార్బురేటర్ ఖాళీ అయ్యేదాకా ఉండాలి. ఒడ్డుకి చేరడానికి తప్ప అలా ఊడదీసి వేటకి వెళ్ళొద్దు, మనిషి నీళ్ళలో పడితే బోటు దానంతటది తిరిగి అతని మీదికే వస్తాది, ఆ ఎర్ర తాడు ఉన్నదే అందుకు.

ఇదే చోట ఇంకో హెచ్చరిక. రాత్రి వలలకి లైట్లు పెట్టుకోవడానికి బోట్లలో బ్యాటరీ పెడుతున్నారు కదా, ఆ ప్లస్ వైరుని పొరపాటున గానీ స్టాప్ వైరుకి తగిలిస్తే సీడీఐ ఆ క్షణమే పోతాది, నిజంగానే పోతాది.

స్పార్క్ ఉంది కానీ నీరసంగా ఉంది, లేదా పొద్దున్న పట్టుకోదు, ఎండెక్కాక దానంతటదే పట్టుకుంటాది, ఇదీ మన ఒడ్డు జబ్బు. మనకి జెట్టీ లేదు, అలల్లోంచే బోటు దింపాలి అలల్లోంచే ఎక్కించాలి, ఇంజన్ తిప్పి పైకెత్తేలోపు ఒక అల దాని నెత్తి మీదుగా పోతాది. నీళ్ళు ఆరిపోతాయి కానీ ఉప్పు ఉండిపోతాది, ఆ ఉప్పు రాత్రి మంచుకి తేమ పీల్చుకుని పల్చటి పొరలా కాయిల్ మీద, క్యాప్ లోపల కరెంటుకి దారి వేస్తాది, వేల వోల్టులకి అంతకంటే ఏం కావాలి. దీన్ని పట్టుకోవడానికి మీటరు పనికిరాదు, చీకటి కావాలి. పొద్దుపోయాక కవర్ తీసి, ప్లగ్‌లు ఎర్త్ చేసి ఒకర్ని తాడు లాగమని మీరు కాయిల్ వైపు చూస్తూ ఉండండి, క్యాప్ మెడ దగ్గరో, హెచ్‌టీ వైరు కాయిల్లోకి దిగే చోటో, నీలం దారం లాంటిది పాకుతూ కనపడుతాది, సన్నగా టిక్ టిక్ మని శబ్దం కూడా వస్తాది. కనపడిన చోట సుద్దముక్కతో గుర్తు పెట్టుకోండి. పగలు చూస్తే అక్కడ బొగ్గు గీత లాంటిది ఉంటాది, గోరుతో గీకితే పోదు. ఉత్త ఉప్పు అయితే మంచినీళ్ళతో తడిపిన గుడ్డతో తుడిచి, పూర్తిగా ఆరబెట్టి, క్యాప్ లోపల కొంచెం సిలికాన్ గ్రీజు రాస్తే చాలు. బొగ్గు గీత పడితే మాత్రం ఎంత తుడిచినా మళ్ళీ అదే దారి పడుతాది, ఆ క్యాప్‌ని గానీ కాయిల్‌ని గానీ మార్చాల్సిందే. టేపు చుట్టడం వల్ల లాభం లేదు, టేపు కింద తేమ ఇంకా నిలుస్తాది.

క్యాప్ అన్నాను కదా, చాలా ఇంజన్లకి క్యాప్ హెచ్‌టీ వైరు మీద మర తిప్పినట్టు తిప్పితే ఎక్కేస్తాది. తిప్పి ఊడదీసి చూడండి, వైరు చివర రాగి నల్లగానో పచ్చగానో ఉంటే అర అంగుళం కోసీసి శుభ్రమైన చోట మళ్ళీ ఎక్కించండి. వైరు పొట్టిదైతే రెండోసారి కొయ్యడానికి మిగలదు, చూసుకుని కొయ్యండి.

ప్లగ్ గురించి మాట్లాడకపోతే మనోళ్ళు ఒప్పుకోరు. చిన్న టూస్ట్రోకుల్లో ఎక్కువగా కనపడేది ఎన్‌జీకే బి7హెచ్‌ఎస్ లేదా దానికి దగ్గరవి, దాంట్లో 7 అన్నది వేడి నంబరు, ఎన్‌జీకేలో నంబరు పెరిగితే ప్లగ్ చల్లటిది, తగ్గితే వేడిది. బి పక్కన ఆర్ ఉంటే లోపల రెసిస్టర్ ఉందని, చివర 10 అని ఉంటే సందు 1 మి.మీ. అని. మీ ఇంజన్ పుస్తకంలో ఏది రాసి ఉంటే అదే వెయ్యండి, పక్కోడు వేసిందని వెయ్యొద్దు. ఇటుక రంగు, టీ రంగు ఉంటే సుఖం. నల్లగా జిడ్డుగా ఉంటే ఆయిల్ ఎక్కువైంది, 50కి 1 అంటే లీటరు పెట్రోల్‌కి 20 మిల్లీలీటర్లు, చేతి అంచనాతో పోస్తే ఇలాగే అవుద్ది. తెల్లగా కాలిపోయినట్టుంటే అది ఇగ్నిషన్ జబ్బు కాదు, పెట్రోల్ తక్కువైందో, ఇంజన్ వేడెక్కుతుందో. రెండు సిలిండర్లలో ఒక ప్లగ్ మాత్రం కడిగినట్టు తెల్లగా శుభ్రంగా ఉండి ఉప్పు పలుకులు కనపడితే లోపలికి సముద్రం నీళ్ళు వస్తున్నాయి, హెడ్ గాస్కెట్ చూడండి. జిడ్డు ప్లగ్‌ని పెట్రోల్‌తో కడిగి ఆరబెట్టి, కొమ్ముల కొసలు మాత్రం సన్న ఎమరీతో రాయండి, తెల్ల పింగాణీ మీద ఇనుప బ్రష్ పెట్టొద్దు, ఆ ఇనుప గీతలే కరెంటుకి దారి అయిపోతాయి. బిగించేటప్పుడు చేత్తో ఆఖరి దాకా తిప్పి ఆపైన కొత్త ప్లగ్ అయితే స్పానర్‌తో అర చుట్టు, కొంచెం ఎక్కువ, అంతే, పాత ప్లగ్‌కి అంత కూడా అక్కర్లేదు, కాస్త బిగుసుకుంటే చాలు. హెడ్ అల్యూమినియం, బలం చూపిస్తే మరలు పోతాయి.

ఎర్త్ సంగతి. సీడీఐ నుంచి, కాయిల్ నుంచి నల్ల వైరు ఒకటి ఇంజన్ బాడీకి బోల్టుతో బిగించి ఉంటాది, ఆ బోల్టు కింద తెల్లటి పొడి గానీ పచ్చటి తుప్పు గానీ కనపడితే విప్పి, రెండు వైపులా ఎమరీతో మెరిసేదాకా రాసి, బిగించాక పైన గ్రీజు రాయండి. ముందు గ్రీజు, తర్వాత బిగింపు కాదు. బుల్లెట్ కనెక్టర్లు ఒక్కొక్కటీ ఊడదీసి చూడండి, వైరు పట్టుకుని లాగొద్దు, కనెక్టర్ మెడ పట్టుకోవాలి. పైకి మెరుస్తూ ఉంటాది కానీ రబ్బరు వెనక్కి తోస్తే వైరు లోపల రాగి నల్లటి బూడిదలా రాలుతుంది, అలాంటిది అతికినట్టే ఉంటాది గానీ కరెంటు పోనివ్వదు.

ఇవన్నీ అయ్యాకే మీటరు తియ్యండి. బరంపురంలో దొరికే మామూలు డిజిటల్ మీటరు చాలు. ఇగ్నిషన్ కాయిల్ ప్రైమరీ (సీడీఐ వైపు తీగ చుట్ట) ఒక ఓమ్ లోపే ఉంటాది, అంత చిన్న నంబరు కొలిచేటప్పుడు ముందు మీటరు రెండు పుల్లలూ ఒకదానికొకటి తాకించి చూడండి, 0.3 చూపిస్తే ఆ 0.3 తర్వాత తీసీయాలి, లేకపోతే బాగున్న కాయిల్‌ని పారేస్తారు. సెకండరీ (ప్లగ్ వైపు తీగ చుట్ట) వేల ఓమ్‌లలో ఉంటాది, క్యాప్ ఊడదీసి కొలవండి, రెసిస్టర్ క్యాప్ అయితే దాని వాటా ఇంకో 5 వేలు దాకా కలిసిపోతాది. చార్జ్ కాయిల్ సాధారణంగా వందల ఓమ్‌లలో, పల్సర్ కాయిల్ అంతకంటే తక్కువ. ఖచ్చితమైన లెక్క మీ మోడల్ సర్వీస్ పుస్తకంలోదే. ఆ లెక్క 20 డిగ్రీల చలికి రాసింది, మన ఒడ్డున 35 డిగ్రీల్లో రాగి తీగ ఓ ఆరు శాతం ఎక్కువ చూపించడం మామూలే, దానికి కంగారు పడొద్దు. మీటరు అసలు కదలకపోతే తీగ తెగింది, ప్రైమరీ తప్ప మిగతావి సున్నాకి దగ్గరగా చూపిస్తే లోపల షార్ట్ అయింది. తాడు లాగుతూ వోల్టేజీ కొలుద్దామంటే మామూలు మీటరు ఆ క్షణంలో వచ్చి పోయే దెబ్బని పట్టుకోలేదు, దానికి పీక్ వోల్టేజీ అడాప్టర్ కావాలి, అది ఉన్న మెకానిక్ దొరికితే అతని మాట వినండి.

మీటరు కూడా చెప్పలేని కేసు ఒకటుంది. పొద్దున్న చక్కగా స్టార్ట్ అవుద్ది, అరగంట నడిచి వేడెక్కాక ఠక్కున ఆగిపోతాది, చల్లారాక మళ్ళీ మామూలే. కాయిల్ లోపల తీగ వేడికి సాగి విడిపోవడం, చల్లారితే కలుసుకోవడం, ఇదీ లోపల జరిగేది, ఇంటికి తెచ్చి కొలిస్తే అన్నీ బాగానే కనపడతాయి. ఆగిన క్షణమే నీళ్ళ మీదే టెస్టర్ పెట్టి చూడాలి, అప్పుడు స్పార్క్ లేకపోతే కాయిలో సీడీఐనో అని తేలుద్ది, కాయిల్‌ని అక్కడే వేడిగా కొలిస్తే ఏదో బయటపడుద్ది. స్పార్క్ ఉంటే మాత్రం పంపు బల్బు వైపు చూడండి, అది లోపలికి పీల్చుకుని చప్పగా అయిపోయి ఉంటే ట్యాంకు గాలి మూత మూసుంది, అదీ సరిగ్గా ఇలాగే ఆపుతాది. ఈ రెంటికీ తేడా చూడక కాయిల్స్ మార్చినోళ్ళు చాలామంది.

ఇంజన్ తాడుని చెయ్యి జారేలా వెనక్కి లాగుతుందా, స్టార్ట్ చేస్తుంటే కార్బురేటర్‌లోంచి ఠప్పుమని పేలుతుందా, అప్పుడు ఫ్లైవీల్ కింద చిన్న కీ ఉంటాది, అది సగం తెగి టైమింగ్ (స్పార్క్ పడాల్సిన సమయం) జరిగిపోయిందేమో చూడాలి. ఫ్లైవీల్ తీయడానికి పుల్లర్ వాడండి, సుత్తితో కొడితే మాగ్నెట్లు లోపల పగిలి ఊడతాయి, ఊడిన మాగ్నెట్ చార్జ్ కాయిల్‌ని తినీస్తాది. ఒకసారి తీశాక మాగ్నెట్ల మీద తుప్పు తీసీయడం, కాయిల్ మీద ఒరుసుకున్న గీతలేమైనా ఉన్నాయేమో చూడడం మర్చిపోవద్దు. రుషికుల్య మొగ వైపు నవంబర్ 1 నుంచి మే 31 దాకా తాబేళ్ళ కోసం వేట నిషేధం ఉంటాది కదా, ఆ నెలల్లో నిలబెట్టీసిన ఇంజన్లకి తుప్పు ఎక్కువ, ఇసుక తుంపర్లు తగిలేలా ఒడ్డున వదిలీకండి, మంచినీళ్ళతో కడిగి, ప్లగ్ కంతలోంచి రెండు చుక్కలు టూస్ట్రోక్ ఆయిల్ వేసి తాడు మెల్లగా లాగి, నీడలో నిలువుగా పెట్టండి.

ఇన్ని చూశాక, స్టాప్ వైరు తీసినా స్పార్క్ లేదు, ఎర్త్ బాగుంది, కాయిల్స్ ఓమ్‌లు సరిగ్గా ఉన్నాయి, క్యాప్, ప్లగ్ కొత్తవి, అప్పుడు సీడీఐ అనుకోవచ్చు. అప్పుడు కూడా కొనీ ముందు అదే మోడల్ ఇంజన్ ఉన్నోడిని, బావో తమ్ముడో ఎవరో ఒకరుంటారు కదా, వాళ్ళ సీడీఐ ఒక్క పదినిమిషాలు అడిగి మార్చి చూడండి. కనెక్టర్ ఒకేలా ఉందని వేరే మోడల్‌ది తగిలించకండి. స్పార్క్ వస్తే కొనండి, రాకపోతే వాళ్ళది వాళ్ళకిచ్చీసి మళ్ళీ చార్జ్ కాయిల్ దగ్గర మొదలెట్టండి.

బోటులో ఒక మూత డబ్బాలో ఇవి పెట్టుకోండి: సందు సరిచేసిన ప్లగ్‌లు రెండు, 21 నంబరు ప్లగ్ స్పానర్, ఒక క్యాప్, విరగ్గొట్టిన టెస్ట్ ప్లగ్, రెండు చివర్లా క్లిప్ ఉన్న మూర వైరు, స్పేర్ ఎర్ర తాడు క్లిప్. రిపేరు అయ్యాక స్టాప్ వైరు మళ్ళీ తగిలించి, డ్రమ్ము నీళ్ళలో ఇంజన్ స్టార్ట్ చేసి, ఎర్ర తాడు గుంజి చూడండి. ఠక్కున ఆగితేనే కవర్ మూయండి.